జవాబుకు ముందరి కథ

మలేరియా దోమకాటు వల్ల వస్తుందన్న సంగతి నేడు బడిపిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ సంగతి ఎవరికి ఎలా తెలిసింది, అంతకుముందు మనుషులు ఆ జ్వరానికి ఏ కారణం చెప్పుకున్నారు, పాత కారణం తప్పని తేల్చిన సాక్ష్యం ఏది అని అడిగితే పెద్ద చదువులు చదివినవారిలో సైతం తడుముకునేవారే ఎక్కువ. విజ్ఞానశాస్త్రం సామాన్య పాఠకుడిని చేరేటప్పుడు చాలావరకు జవాబుల రూపంలోనే చేరుతుంది. ఆ జవాబులకు మూలమైన ప్రశ్నలు ప్రయోగశాలల్లోనే ఆగిపోతాయి. ప్రశ్న తెలియని జవాబును మనిషి నమ్మగలడు, గుర్తుంచుకోగలడు, పరీక్షలో రాయగలడు గానీ తూచి చూడలేడు. రేపు మరొకరు అంతే గట్టి గొంతుతో వేరొక జవాబు చెబితే రెండింటిలో ఏది నిలుస్తుందో తేల్చుకునే ఆధారం అతని దగ్గర ఉండదు. శాస్త్ర విషయాలను కథగా చెప్పే పద్ధతికి ఉన్న అసలు ప్రయోజనం ఈ లోటును పూడ్చడంలోనే ఉంది.

ఇక్కడ కథ అంటే కల్పన కాదు, విషయం చుట్టూ ఆకర్షణ కోసం అల్లే అలంకారమూ కాదు. ఒక కాలంలో, ఒక చోట, ఒక సంగతి అంతుబట్టక ఇబ్బందిపడిన మనుషులు దాన్ని తెలుసుకోవడానికి ఏం చేశారు, ఎక్కడ పొరబడ్డారు, ఏ ఆధారం వారి పొరపాటును బయటపెట్టింది, చివరికి తేలిందేమిటి అన్న వరుసను కార్యకారణ సంబంధం తెగకుండా చెప్పడమే ఆ కథ. పరిశోధకుడు ఆధారం దొరకకముందే వేసుకుని, ఆ తర్వాత పరీక్షకు నిలబెట్టే ఊహను పరికల్పన అంటారు. కథ వినేవాడు తరువాత ఏం జరగబోతుందోనని మనసులో వేసుకునే ఊహ కూడా దానికి దగ్గరిదే, ఎందుకంటే తరువాతి సంఘటన దాన్ని నిలబెట్టడమో కూల్చడమో చేస్తుంది. పరిశోధన పత్రాల్లో మాత్రం ఈ నడక కనిపించదు. లక్ష్యం, పద్ధతి, ఫలితం, చర్చ అన్న విభాగాల మధ్య వృథా అయిన నెలలకూ, తప్పుదారులకూ, అనుమానాలకూ చోటుండదు. తోటి శాస్త్రజ్ఞులకు ఆ క్లుప్తత సౌకర్యమే గానీ సామాన్య పాఠకుడికి కావలసింది అందులో వదిలేసిన భాగమే.

ఈ ఎరుక కొత్తది కాదు. గెలీలియో 1632లో భూమి, సూర్యుడి చలనాల మీద రాసిన గ్రంథాన్ని పండితుల లాటిన్‌లో కాక ప్రజల ఇటాలియన్‌లో, ముగ్గురు మనుషులు నాలుగు రోజులపాటు వాదించుకునే సంభాషణగా రాశాడు. జేన్ మార్సెట్ 1806లో ఇద్దరు బాలికలకు ఒక గురువమ్మ పాఠం చెబుతున్నట్టు రసాయనశాస్త్రాన్ని వివరిస్తే, లండన్‌లో పుస్తకాలకు బైండు కట్టే పనిలో ఉన్న మైకేల్ ఫారడే అనే కుర్రవాడు దాన్ని చదివి ఆ శాస్త్రం వైపు తిరిగాడు. తర్వాత చాలా ఏళ్ళకు, 1860 క్రిస్మస్ సెలవుల్లో, అదే ఫారడే బాలబాలికల ముందు ఒక్క కొవ్వొత్తిని వెలిగించి, ఆ మంటలో ఏది మండుతోంది, మండినది ఎటు పోతోంది అన్న ప్రశ్నలను పట్టుకుని ఆరు ఉపన్యాసాల్లో దహనం నుంచి మనిషి ఊపిరిదాకా నడిపించాడు. తెలుగులో 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథాలతోపాటు శాస్త్ర గ్రంథాలనూ ప్రజల చేతికిచ్చే పనికి పూనుకుంది.

కథాపద్ధతి పాఠకుడిని ఎంత లోపలికి తీసుకుపోగలదో చూపడానికి మలేరియా కన్నా తగిన ఉదాహరణ తెలుగువారికి దొరకదు, ఎందుకంటే ఆ కథలో కీలకమైన ఘట్టం సికింద్రాబాద్‌లోనే జరిగింది. 19వ శతాబ్దం చివరిదాకా చలిజ్వరానికి చిత్తడినేలల నుంచి లేచే చెడుగాలి కారణమని వైద్యులు సైతం నమ్మేవారు. అది ఉత్త మూఢత్వం కాదని కథ చెప్పేవారు మొదటే ఒప్పుకోవాలి. ఆ జ్వరాలు నిజంగానే మడుగులున్న చోట ఎక్కువ, వానల తర్వాత ఎక్కువ, పొద్దుగూకాక ఆరుబయట ఉండేవారికి ఎక్కువ. గాలి అనే కారణం ఈ గమనింపులన్నిటికీ సరిపోయింది. పూర్వులు తెలివితక్కువవారు కారని, వారి దగ్గర ఉన్న ఆధారాలు అంతవరకే తీసుకుపోయాయని గ్రహించిన పాఠకుడికి కొత్త ఆధారం ఎందుకు అవసరమైందో దానంతట అదే అర్థమవుతుంది.

ఆ కొత్త ఆధారం 1880లో వచ్చింది. అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫాన్స్ లావెరాన్ ఒక జ్వరపీడితుడి రక్తంలో కదులుతున్న పరాన్నజీవిని, అంటే మరో ప్రాణి ఒంట్లో చేరి దాని మీద ఆధారపడి బతికే సూక్ష్మజీవిని, చూశాడు. దాంతో ప్రశ్నే మారిపోయింది. గాలిలో ఏముంది అని వెతికే అవసరం తగ్గి, ఈ జీవి ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి ఎలా దాటుతుంది అన్నది తేల్చవలసి వచ్చింది. లండన్‌లో ఉన్న ప్యాట్రిక్ మాన్సన్ అంతకుముందు చైనాలో పనిచేసినప్పుడు బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగుల పిల్లలు దోమ కడుపులోకి చేరడం గమనించి ఉన్నాడు. మలేరియా జీవి కూడా దోమలోకే పోతుందని ఆయన ఊహించాడు. అయితే రక్తం తాగిన దోమ నీటి మీద గుడ్లు పెట్టి చనిపోతుందని, ఆ నీరు తాగినవారికి జ్వరం సోకుతుందని అనుకున్నాడు. సగం నిజం, సగం పొరపాటు కలిసిన ఇలాంటి పరికల్పనలే శాస్త్రచరిత్రలో ఎక్కువ పని చేయించాయి.

అల్మోరాలో పుట్టి, భారత వైద్య సేవలో చేరి, కవిత్వం మీదా నవలల మీదా మక్కువ పెంచుకున్న రోనాల్డ్ రాస్ 1894లో లండన్‌లో మాన్సన్‌ను కలిసి ఆ ఊహను పరీక్షించే బాధ్యత తలకెత్తుకున్నాడు. 1895లో సికింద్రాబాద్‌కు వచ్చి రోగుల మీద దోమలను వాలనిచ్చి, తర్వాత ఆ దోమలను కోసి, సూక్ష్మదర్శినిలో వెతికాడు. దోమలు చచ్చిన నీటిని మనుషుల చేత తాగించి కూడా చూశాడు. నేటి వైద్యనీతి ఏమాత్రం అనుమతించని ఆ ప్రయోగాలు దారి చూపలేకపోయాయి. దోమల్లో వెతుకులాటా ఫలించలేదు. ఆయన దొరికిన దోమనల్లా వాడాడు. వాటిలో అత్యధికం ఇళ్ళ చుట్టూ తిరిగే క్యూలెక్స్, ఏడిస్ జాతులవి, మనుషుల మలేరియాను మోయలేనివి. దోమలన్నీ ఒకటి కావని, ఏ జాతిలోనైనా ఆ జీవి పెరగగలదని ముందుగా అనుకోకూడదని తెలియడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. ఆడ అనాఫిలిస్ దోమ అన్న మూడు మాటలను పాఠ్యపుస్తకంలో బట్టీపట్టిన విద్యార్థి ఈ రెండేళ్ళ వైఫల్యం గురించి వింటే, ఆ మాటల్లో ఆడ అన్నదీ అనాఫిలిస్ అన్నదీ ఊరికే చేరలేదని గ్రహిస్తాడు.

1897 ఆగస్టులో మచ్చల రెక్కలున్న కొత్తరకం దోమలు కొన్ని (అవే అనాఫిలిస్) ఆయన చేతికి వచ్చాయి. లార్వాల నుంచి పెంచిన ఆ దోమలను హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలారు; కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పారు. ఉక్క భరించలేనిదైనా పంకా వేసుకుంటే దోమలు ఎగిరిపోతాయి గనుక దాన్ని ఆపేశారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టిపోయాయి. రక్తం తాగిన వెంటనే కాక రోజులు గడవనిచ్చి దోమలను ఒక్కొక్కటిగా కోస్తూ వచ్చిన రాస్‌కు ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాని కడుపు గోడలో అంతకుముందెన్నడూ కనిపించని గుండ్రని కణాలు కనిపించాయి. అవి దోమ సొంత కణాలు ఎందుకు కాకూడదు అన్నదే అసలు ప్రశ్న. కణాల లోపల నల్లని రేణువులు ఉన్నాయి. మలేరియా జీవి ఎర్రరక్తకణంలోని హిమోగ్లోబిన్‌ను తిన్నాక మిగిలే రంగు రేణువులే అవి. రోగుల రక్తంలో రాస్ ఎన్నోసార్లు చూసినవి. మర్నాడు మరో దోమను కోస్తే కణాలు ఇంకా పెద్దవయ్యాయి, అంటే అవి పెరుగుతున్నాయి. రంగు రేణువులు ఆ కణాలు ఏ జీవివో చెప్పాయి, పెరుగుదల అవి సజీవమని చెప్పింది. శాస్త్రంలో సాక్ష్యం అంటే ఏమిటో ఒక నిర్వచనం చెప్పలేనంత స్పష్టంగా ఈ రెండు రోజుల వృత్తాంతం చెబుతుంది.

కథ అక్కడ ముగిసిందని చాలా రచనలు చెబుతాయి; అక్కడ ముగించడం తప్పు. దోమలోకి జీవి చేరుతుందని మాత్రమే సికింద్రాబాద్‌లో తేలింది, దోమ నుంచి అది ఎలా బయటపడుతుందో తేలలేదు. నీరు తాగడం వల్లనే జ్వరం వస్తుందన్న మాన్సన్ ఊహ ఆగస్టు 21 నాటికి కూడా బతికే ఉంది. వేరేచోటికి బదిలీ అయిన రాస్ 1898లో కలకత్తా చేరి, మనుషుల్లో ప్రయోగానికి వీలు చిక్కక పక్షుల మలేరియాను ఎంచుకుని, ఆ జీవి కడుపు గోడ నుంచి బయలుదేరి చివరికి దోమ లాలాజల గ్రంథిలో చేరుతుందని అదే ఏడు జులైలో చూపాడు. లాలాజల గ్రంథిలో ఉన్నదంటే కాటుతోనే లోపలికి వెళుతుందన్న మాట. నీటి ఊహ అప్పుడు కూలిపోయింది. మనుషుల మలేరియా మొత్తం చక్రాన్ని అనాఫిలిస్ దోమలో నిరూపించింది 1898 చివర్లో రోమ్‌లో జియోవన్ని బటిస్టా గ్రాసీ, ఆయన సహచరులు. నోబెల్ బహుమతి 1902లో రాస్‌కు ఒక్కడికే వచ్చింది, ఘనత ఎవరిదన్న తగవు వారిద్దరి మధ్య బతికినంతకాలం నడిచింది.

కథాపద్ధతిలోని అపాయం కూడా ఈ ఉదాహరణలోనే కనిపిస్తుంది. కథకు ఒక నాయకుడు, ఒక రోజు, ఒక విజయఘట్టం ఉంటే వినసొంపుగా ఉంటుంది. శాస్త్రం అలా నడవదు. ఒళ్ళు అప్పగించిన హుసేన్ ఖాన్, కలకత్తాలో రాస్‌కు చేదోడుగా ఉండి దోమలను పెంచిన మహమ్మద్ బక్స్, ముందు దారి వేసిన లావెరాన్, తర్వాత పూర్తిచేసిన గ్రాసీ ఆగస్టు 20 అనే ఒక్క తేదీ వెనక మరుగునపడిపోతారు. అమితావ్ ఘోష్ 1995లో రాసిన ‘ది కలకత్తా క్రోమోజోమ్’ నవల ఈ మరుగునపడ్డ మనుషులనే ముందుకు తెచ్చి, కనిపెట్టినవారెవరు అన్న ప్రశ్నను కల్పన ద్వారా తిరగేసింది. శాస్త్రకథ రాసేవారికి కల్పన చేసే ఆ స్వేచ్ఛ లేదు, కానీ మిగిలినవారి పేర్లను వెతికి చెప్పే బాధ్యత మాత్రం తప్పకుండా ఉంది. ఒంటరి మేధావి కథలు విని పెరిగిన పిల్లవాడు శాస్త్రం తనలాంటివారి పని కాదనుకుంటాడు. అందులో ఎంతమంది చేతులున్నాయో తెలిసిన పిల్లవాడికి ఆ సంకోచం ఉండదు.

ఇంతకన్నా లోతైన అపాయం మరొకటి ఉంది. ఒక్క సంఘటన మనసును కదిలిస్తుంది, కానీ ఒక్క సంఘటన దేన్నీ రుజువు చేయదు. ఫలానా ఆకు పసరు తాగిన ఒకరికి కామెర్లు తగ్గాయన్న కథ వందమంది మీద జరిపిన పరీక్ష కన్నా వేగంగా ఊరంతా పాకుతుంది, ఎందుకంటే అందులో మనిషి ఉన్నాడు, బాధ ఉంది, సుఖాంతం ఉంది. టీకాల మీద వదంతులు వ్యాపించేదీ ఈ మార్గంలోనే. అబద్ధానికి కథ ఎంత బలమిస్తుందో చూసిన కొందరు శాస్త్రజ్ఞులు కథనే దూరం పెట్టాలని, లెక్కలు మాత్రమే చెప్పాలని అంటారు. ఆ వాదన తొందరపాటు. లెక్కను విడిచిన కథ ఎంత ప్రమాదమో, ఆ లెక్క ఎందుకు అవసరమైందో చెప్పే కథ అంత మేలు చేస్తుంది.

లండన్ కలరా చరిత్ర దీనికి మంచి సాక్ష్యం. 1854లో బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు ఒక చేతిపంపు చుట్టూ ముమ్మరంగా ఉన్నాయని చూపి దాని పిడి తీయించాడని, దాంతో కలరా ఆగిపోయిందని ఎన్నో పుస్తకాలు చెబుతాయి. పిడి తీసేనాటికే జనం ఆ పేట వదిలిపోయి మరణాలు తగ్గుముఖం పట్టాయన్నది నిజం, ఆ సంగతి స్నోయే దాచకుండా రాశాడు. ఆయన వాదనకు అసలైన బలం దక్షిణ లండన్‌లో ఉంది. అక్కడ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళకు రెండు వేరు వేరు కంపెనీలు నీరు అందించేవి. లాంబెత్ కంపెనీ 1852లో థేమ్స్ నదిలో ఎగువకు, నగరపు మురుగు కలవని చోటికి తన తోడుకోలును మార్చుకుంది. సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ పాత చోటునే నీరు తోడుతూ వచ్చింది. పేదలు, ధనికులు, వయసు, వృత్తి అన్నీ రెండు వైపులా ఒకే తీరుగా ఉన్నాయి, తేడా నీటిలో మాత్రమే ఉంది. స్నో ఇంటింటికీ తిరిగి ఏ ఇంటికి ఏ నీరో కనుక్కుని లెక్కగడితే పాత నీటి ఇళ్ళలో పదివేల ఇళ్ళకు 315 మరణాలు, ఎగువ నీటి ఇళ్ళలో పదివేల ఇళ్ళకు 37 మరణాలు తేలాయి. పంపు పిడి కథ నాటకీయమైనది, ఈ రెండో కథ నిజంగా నేర్పేది. గడప గడపకూ తిరిగి అడిగిన మనిషి ఉన్నాడు గనుక ఇదీ కథే, పైగా పోలిక లేనిదే కారణం తేలదన్న శాస్త్ర నియమాన్ని ఇది పాఠకుడి అనుభవంలోకి తెస్తుంది. కలరా సూక్ష్మజీవి నీటిలో ఉంటుందన్న సంగతిని వైద్యలోకం ఇంకా ఒప్పుకోని రోజుల్లో, ఆ జీవిని చూడకుండానే, ఒక లెక్క దానికి నీటితో ఉన్న సంబంధాన్ని పట్టుకున్నది.

తెలుగునాట ఎక్కువగా చెప్పుకునే శాస్త్రజ్ఞుడి కథ యల్లాప్రగడ సుబ్బారావుది. 1895లో భీమవరంలో పుట్టడం, పేదరికం, సోదరుల అకాల మరణం, 1923లో అమెరికా ప్రయాణం, అక్కడ పేరు కోరని జీవితం, 1948లో మరణం, దక్కని నోబెల్ బహుమతి అన్న వరుసలో ఆ కథ సాగుతుంది. చదివినవారి కళ్ళు చెమరుస్తాయి. అయితే ఆయన చేసిన పనేమిటని అడిగితే మందుల పేర్ల జాబితా తప్ప మరేమీ వారి దగ్గర మిగలదు. శాస్త్రజ్ఞుడి బతుకు కథ శాస్త్రం కథ స్థానాన్ని ఆక్రమించుకుంటే జరిగే నష్టం ఇది. సుబ్బారావు పట్ల గౌరవం ఉన్నవారు చెప్పవలసిన కథ ఒక నీలిరంగు దగ్గర మొదలవుతుంది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రక్తంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో వెలువడిన ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనే ప్రసిద్ధమైంది. పరీక్షించదలచిన ద్రవంలో మాలిబ్డేట్ అనే లవణాన్ని ఆమ్లంతో కలిపి, తగిన మరో రసాయనాన్ని చేరిస్తే, ఫాస్ఫేట్ ఉన్నచోట నీలిరంగు తేరుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. కండరాల సారంతో ఈ పరీక్ష చేసినప్పుడు మాత్రం రంగు వెంటనే తేరక, నెమ్మది నెమ్మదిగా చిక్కబడుతూ వచ్చింది. పరీక్ష సరిగా కుదరలేదని వదిలేయడానికి అక్కడ అన్ని అవకాశాలూ ఉన్నాయి. కండరంలో భాస్వరం విడిగా లేక మరేదో పదార్థానికి అతుక్కుని ఉండి, పరీక్షలోని ఆమ్లానికి కొంచెం కొంచెంగా విడిపోతున్నదేమో అన్న అనుమానం ఆ ఆలస్యం నుంచి పుట్టింది. వెతికితే ఆ పదార్థం క్రియేటిన్ అని తేలింది. 1927లో వారు ప్రకటించిన ఫాస్ఫోక్రియేటిన్ కథ ఇదే. కండరం పనిచేసినప్పుడు ఆ పదార్థం తరిగిపోవడం, విశ్రాంతిలో మళ్ళీ కూడుకోవడం గమనించాక, కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతం, దాన్ని నిలబెట్టినవారికి నోబెల్ గౌరవం దక్కిన సిద్ధాంతం, కదిలిపోయింది. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావులు వేరు వేరుగా ఏటీపీని గుర్తించారు. జీవకణం తన పనులన్నిటికీ ఖర్చుపెట్టే శక్తి ఆ అణువు ద్వారానే అందుతుంది. రంగు ఆలస్యంగా తేరడం అనే చిన్న చిక్కు దగ్గర ఆగి ఆలోచించిన గుణమే సుబ్బారావు గొప్పతనమని తెలిసిన విద్యార్థి, రేపు తన ప్రయోగం అనుకున్నట్టు రానినాడు కాగితం చింపేయకుండా ఇంకోసారి చూస్తాడు.

తెలుగులో ఈ కళ తెలిసిన రచయితలు లేకపోలేదు. స్టీవెన్సన్, మార్క్ ట్వేన్ నవలలను తెలుగు పిల్లలకు అందించిన నండూరి రామమోహనరావు (1927–2011) ఆ కథనశక్తినే విశ్వచరిత్రకూ మానవ పరిణామానికీ మళ్ళించి ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాశారు. పురాణాలతో పరిచయమున్న పాఠకుడికి ఆ పేర్లే చనువుగా తోస్తాయి. లోపల మాత్రం శిలాజాలు, నక్షత్రాలు, కొలతలు, వాదోపవాదాలు ఉంటాయి. భౌతికశాస్త్రవేత్త మహీధర నళినీమోహన్ తన పుస్తకాలకు ‘క్యాలెండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’ అని పేర్లు పెట్టి, రోజూ చూసే వస్తువు వెనక ఎన్ని శతాబ్దాల తగవులు ఉన్నాయో చూపారు. అణుశాస్త్రజ్ఞుడు కొడవటిగంటి రోహిణీప్రసాద్, అమెరికాలో ఆచార్యుడిగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు కూడా పరిభాష బరువును పాఠకుడి నెత్తిన ఒక్కసారిగా పెట్టకుండా, అవసరమైన చోట అవసరమైనంత మేరకే దింపుతూ రాశారు. వీరందరిలో కనిపించే సమాన గుణం పాఠకుడి తెలివి మీద గౌరవం. అతనికి తెలియనిది సమాచారమే తప్ప ఆలోచించే శక్తి అతనిలో తక్కువేమీ కాదన్న నమ్మకం ఉన్నచోటే శాస్త్రకథ పండుతుంది.

చదువు రానివారి దగ్గరకు శాస్త్రం వెళ్ళిన దారి వేరు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో పాటలతో, వీధినాటకాలతో ఊరూరా తిరిగే కళాజాతాలను మొదలుపెట్టింది. 1987లో అదే పద్ధతి భారత జన విజ్ఞాన జాతాగా దేశమంతటికీ విస్తరించింది. తెలుగునాట జన విజ్ఞాన వేదిక ఆ బాటలో నడిచి, మంత్రగాళ్ళ మాయలను గ్రామాల నడిబొడ్డున చేసి చూపి వాటి గుట్టు విప్పింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వయోజనుల కోసం రాసిన పాఠాల్లో సారా వల్ల చితికిన కుటుంబంలోని సీతమ్మ కథ ఒకటి. ఆ పాఠం చదువుకున్న దూబగుంట మహిళలు తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు, ఆ కదలిక జిల్లాలు దాటి 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధందాకా వెళ్ళింది. అది ప్రయోగశాల శాస్త్రం కాకపోవచ్చు, అయినా తన బతుకులోని కష్టానికి కారణాన్ని కథలో గుర్తుపట్టిన మనిషి ఏం చేయగలదో దానికన్నా బాగా చూపిన సంఘటన తెలుగునాట మరొకటి లేదు.

ఇప్పుడు తెలుగులో రావలసిన శాస్త్రకథలు విదేశీ ప్రయోగశాలల కన్నా మన నేల మీదే ఎక్కువ ఉన్నాయి. ఫ్లోరోసిస్ వాటిలో ఒకటి. 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా గ్రామాల్లో మనుషుల వెన్నుపూసలు బిగుసుకుపోవడానికి కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని వైద్యులు గుర్తించారు. దేశంలో ఆ వ్యాధి వెలుగులోకి వచ్చింది అక్కడే. గ్రానైటు శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి ఊరుతుంది, కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో మరింత నిలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకలో చేరి పేరుకుంటుంది. పళ్ళ మీద మచ్చలు మాత్రం పళ్ళు తయారయ్యే పసితనంలో తాగిన నీటివల్లే పడతాయి, కాబట్టి పెద్దవాడి పళ్ళు అతను చిన్నప్పుడు ఏ నీరు తాగాడో చెబుతాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి కలియబెట్టి, తేరిన మడ్డితోపాటు ఫ్లోరైడ్‌ను దించే చవకైన పద్ధతిని రూపొందించి, దానికి ఆ వ్యాధి పీడించిన నల్లగొండ పేరే పెట్టింది. టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల్లో సైతం ఆ పేరుతోనే దాన్ని వాడారు. ఆ పద్ధతి ఏ ఊళ్ళో ఎంతవరకు నిలిచింది, మడ్డిని ఏం చేశారు, రోజూ పటిక కొలిచి వేసే పని ఎవరు మోశారు, నదీజలాలు పైపుల్లో వచ్చాక బోరునీటి వాడకం ఎలా మారింది అన్న ప్రశ్నలు పట్టుకుంటే రసాయనం, భూగర్భశాస్త్రం, వైద్యం, పాలన అన్నీ కలిసిన పెద్ద కథ అవుతుంది.

ఆ కథలో పాలుపంచుకున్న ఇంజినీర్లు, వైద్యులు, నీటి పరీక్షలు చేసిన ఉపాధ్యాయులు, వంగిన నడుములతో బతుకుతున్న పల్లెవాసులు ఇంకా మన మధ్య ఉన్నారు. తెలుగు పత్రికలు వారి దగ్గరకు రచయితలను పంపాలి, విశ్వవిద్యాలయాలు తమ పరిశోధకులను తెలుగులో రాయమని అడగాలి, రాసినవారికి పేజీలు ఇవ్వాలి. ఆ పని ఈ తరం ఉండగానే జరగాలి.